రాయి గట్టిదే, మరి గోడ?

వేసవిలో మధ్యాహ్నం రెండు దాటాక గుంటూరు, పేరేచర్ల చుట్టుపక్కల ఏ కంకర క్వారీలోకి దిగి చూసినా నీడ దొరికేది ఒక్క చోటే, తవ్వి నిలబెట్టిన పడమటి రాతి గోడ కింద. డ్రిల్లింగ్ చేసేవాళ్లు, టిప్పర్ డ్రైవర్లు, సుత్తులతో బోల్డర్లు పగలగొట్టే కూలీలు అన్నం క్యారియర్లు పట్టుకుని అక్కడికే చేరతారు. 15 మీటర్ల ఎత్తున్న గోడ ఆ వేళకు సుమారు 10 మీటర్ల మేర నీడ పరుస్తుంది. ఆ గోడ మీంచి ఏదైనా రాయి ఊడితే వచ్చి పడే చోటు కూడా దాదాపుగా ఆ 10 మీటర్ల లోపే. క్వారీ భద్రత గురించి మాట్లాడవలసి వచ్చిన ప్రతిసారీ నాకు ముందు గుర్తుకొచ్చేది ఈ దృశ్యమే. ఎందుకంటే ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఆ గోడ నిలుస్తుందా అన్నది మొదటిది. నిలవని పక్షంలో, లేదా గోడ నిలిచినా అందులోంచి ఒక్క రాయి రాలిన పక్షంలో, అది ఎక్కడిదాకా వస్తుంది, అప్పుడు అక్కడ ఎవరుంటారు అన్నది రెండోది. ఈ రెండింటినీ కలిపేసి ఒకే జవాబు చెప్పుకోవడం వల్లనే చాలా క్వారీలలో ప్రమాదాన్ని ముందుగా గుర్తించలేకపోతున్నారు.

మొదటి ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు, "ఇది నల్లరాయండీ, ఇనుము లాంటిది" అని. ఆ మాటలో అబద్ధం లేదు. మన ప్రాంతపు నల్లరాయిని, అంటే చార్నకైటును, చిన్న ముక్కగా కోసి ప్రయోగశాలలో యంత్రం కింద పెట్టి నొక్కితే, అది నలగడానికి చదరపు సెంటీమీటరుకు 1,000 కిలోలకు పైగా బరువు మోపవలసి ఉంటుంది. ఇప్పుడు 20 మీటర్ల ఎత్తున్న క్వారీ గోడను తీసుకుందాం. ఘనపు మీటరు రాయి 2.7 టన్నుల బరువనుకుంటే, ఆ గోడ తన పాదం దగ్గర మోపే బరువు చదరపు సెంటీమీటరుకు 5.4 కిలోలు మాత్రమే. కేవలం రాయి గట్టిదనం మీదే ఆధారపడితే మూడున్నర కిలోమీటర్ల ఎత్తు గోడనైనా నిట్టనిలువుగా నిలబెట్టవచ్చని ఈ లెక్క చెబుతుంది. అలాంటిది 20 మీటర్ల గోడలు ఎందుకు కూలుతున్నాయి? అవి నలిగి కూలడం లేదు కాబట్టి. రాయిలో అప్పటికే ఉన్న చీలికల వెంట ముక్కలు జారిపోతున్నాయి, ఒరిగిపోతున్నాయి, ఊడిపడుతున్నాయి. కొండ అంటే ఒకే రాయి కాదు. కోట్ల ఏళ్లుగా పగుళ్లు పడి, ఆ ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని బిగుసుకుని నిలిచిన ఒక పేర్పు. క్వారీలో మనం చేసేది ఆ పేర్పుకు ఒక పక్కన ఉన్న ఆనుడును తీసేయడం.

విజయవాడ, గుంటూరు చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమల శిలా సముదాయానికి చెందినవి. వీటిలో ప్రధానంగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి పైన చెప్పిన చార్నకైటు, కొండపల్లి వైపు విస్తారంగా కనిపించేది. రెండోది ఖొండలైటు. పాత భూగర్భ శాస్త్ర రచనలలో ఈ రాతికి 'బెజవాడ నీస్' అనే పేరు కూడా ఉండేది. ఇందులో గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు, కొన్ని చోట్ల గ్రాఫైటు రేకులు పొరలు పొరలుగా అమరి ఉంటాయి. ఎండకూ వానకూ ఇది త్వరగా చివుకుతుంది. ఫెల్డ్‌స్పార్ తెల్లటి బంకమట్టిగా, ఇనుము కలిసిన ఖనిజాలు తుప్పు రంగు మట్టిగా మారిపోతాయి. విజయవాడలో కొండను తొలిచి ఇల్లు కట్టిన చోట ఎక్కడైనా కోసిన గట్టును దగ్గరగా చూస్తే, చేతితో రాల్చగలిగిన ఎర్రటి మట్టి మధ్యలో గట్టి బండలు చిక్కుకుని ఉండటం కనిపిస్తుంది. ఆ బండ గట్టిదనం ఎంతైనా, దాన్ని పట్టుకుని ఉన్నది మాత్రం మట్టి. చార్నకైటు క్వారీకీ ఖొండలైటు గట్టుకూ ఒకే కొలబద్ద పనికిరాకపోవడానికి కారణమిదే.

గట్టి రాతి గోడను అంచనా వేయడమంటే ముందుగా దాని చీలికలను చదవడం. ఒక చీలికకు రెండు కొలతలు ముఖ్యం. అది నేలకు ఎంత కోణంలో వాలి ఉంది, ఏ దిక్కుకు వాలి ఉంది. పెంకుటింటి కప్పును తలచుకుంటే ఇది తేలికగా అర్థమవుతుంది. కప్పు ఎంత ఏటవాలుగా ఉందన్నది మొదటి కొలత, వాన నీళ్లు ఏ దిక్కుకు జారతాయన్నది రెండో కొలత. దిక్సూచి, వాలు కొలిచే పరికరం పట్టుకుని గోడ పొడవునా నడుస్తూ ఇలా వందకు తక్కువ కాకుండా కొలతలు తీసుకుని ఒక వృత్తాకారపు పటం మీద గుర్తిస్తే, చీలికలు ఇష్టమొచ్చినట్టు లేవనీ, రెండు మూడు గుంపులుగా ఉన్నాయనీ బయటపడుతుంది. ఒక్కో గుంపులోని చీలికలన్నీ ఇంచుమించు ఒకే వాలుతో, ఒకే దిక్కుకు ఉంటాయి. ఈ పనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఈ మధ్య డ్రోన్ ఫొటోలతో గోడ మొత్తాన్నీ కంప్యూటర్‌లో నిలబెట్టి చీలికలు కొలుస్తున్నారు. మనిషి చేరలేని ఎత్తులకు అది మంచి పద్ధతే. కానీ చీలికలో బంకమట్టి ఉందా, దాని ఒళ్లు గరుకుగా ఉందా నునుపుగా ఉందా అన్నది వేలు పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

చీలికలు దొరికాక అడగవలసింది, అవి గోడతో ఎలా కలుస్తున్నాయని. గోడ తూర్పు ముఖంగా ఉండి, చీలిక కూడా ఇంచుమించు తూర్పుకే, అంటే అటూ ఇటూ 20 డిగ్రీల లోపు తేడాతో, వాలి ఉందనుకోండి. చీలిక వాలు గోడ వాలు కన్నా తక్కువైతే, దాని కింది అంచు గోడ మీద బయటపడుతుంది. ఆ వాలు రాతికీ రాతికీ మధ్య ఉన్న రాపిడి కోణం కన్నా ఎక్కువైతే, పైనున్న బండను ఆపేదేదీ లేనట్టే, అది పలక మీది వస్తువులా జారి వచ్చేస్తుంది. రాపిడి కోణమంటే ఏమిటో తెలుసుకోవడానికి క్వారీలోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. చీలిక వెంట విడిపోయిన రెండు పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టి, కిందిదాన్ని ఒక వైపు మెల్లగా పైకి లేపుతూ పోతే, పైది ఏ వాలు దగ్గర జారడం మొదలుపెడుతుందో అదే ఆ చీలిక రాపిడి కోణం. నునుపుగా విడిపోయిన గట్టి రాతి పలకలకు ఇది సాధారణంగా 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. మధ్యలో తడి బంకమట్టి ఉంటే 20 డిగ్రీలకూ అంతకన్నా తక్కువకూ పడిపోవచ్చు.

విశేషమేమిటంటే, తూర్పు ముఖంగా ఉన్న గోడలో ప్రాణాంతకమైన అదే చీలిక, అదే క్వారీలో ఎదురుగా పడమటి ముఖంగా ఉన్న గోడలో కొండ లోపలికి వాలి ఉంటుంది కాబట్టి, దాని మీంచి బండ జారే వీలే ఉండదు. రాయి అదే, ఎత్తు అదే, తవ్విన మనుషులూ వాళ్లే. ఒక గోడ పదేళ్లుగా చెక్కుచెదరలేదు కాబట్టి పక్క గోడ కూడా నిలుస్తుందని అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రతి గోడకూ విడిగా లెక్క కట్టాలి. క్వారీ మలుపు తిరిగి గోడ దిక్కు మారితే లెక్క మళ్లీ మొదలుపెట్టాలి.

జారడం ఒక్కటే కాదు, గోడ చెడే తీరులు ఇంకా ఉన్నాయి. రెండు చీలికలు ఒకదానినొకటి కోసుకుంటూ గోడలోంచి బయటికి వాలి ఉంటే, పుచ్చకాయ పండిందో లేదో చూపించడానికి వ్యాపారి కత్తితో కోసి తీసే మూడు కోణాల ముక్కలా, ఒక పెద్ద బండ గోడలోంచి ఊడి వస్తుంది. గట్టి రాతి క్వారీలలో తరచుగా కనిపించేది ఇదే, బండ పోయిన చోట గోడలో గాటు మిగిలిపోతుంది. చీలికలు నిట్టనిలువుకు దగ్గరగా ఉండి కొండ లోపలికి వాలి ఉంటే ఇంకో రకం. కడప బండల దుకాణంలో వరసగా నిలబెట్టిన పలకలు ముందు పలక తీసేసరికి ఒక్కొక్కటే ముందుకు ఒరిగినట్టు, రాతి స్తంభాలు బయటికి ఒరిగి పడతాయి. ఇక బాగా చివికిపోయిన ఖొండలైటులో, పైనున్న గ్రావెల్ పొరలో చీలికలతో పనే లేదు, తడిసిన కాలవ కట్ట విరిగినట్టు గుండ్రటి గాడి తీసుకుని మొత్తంగా జారుతుంది.

ఇప్పుడు నీటి సంగతి. ఈ వ్యాసంలో పాఠకుడు ఒక్క లెక్కను మాత్రమే గుర్తుంచుకోగలిగితే, ఇది గుర్తుంచుకోవాలని నా కోరిక. 30 డిగ్రీలు వాలిన చీలిక మీద 100 టన్నుల బండ ఒకటి కూర్చుని ఉందనుకుందాం. దాని బరువులో కిందికి లాగే భాగం 50 టన్నులు. చీలికను అదిమిపట్టి ఉంచే భాగం 86.6 టన్నులు. రాపిడి కోణం 35 డిగ్రీలైతే, ఆ అదుము వల్ల పుట్టే పట్టు 60.6 టన్నులు. పట్టును లాగుడుతో భాగిస్తే 1.21 వస్తుంది. ఇంజనీర్లు దీన్నే భద్రతా గుణకమంటారు. ఒకటి కన్నా ఎక్కువ ఉన్నంతకాలం బండ కదలదు. ఇప్పుడు వాన కురిసి ఆ చీలికలోకి నీరు దిగిందనుకుందాం. బండ అడుగు వైశాల్యం 16 చదరపు మీటర్లై, చీలికలో సగటున మీటరున్నర లోతు నీటికి సమానమైన పీడనం నిలిస్తే, అది బండను 24 టన్నుల బలంతో పైకి లేపుతుంది. అదుము 62.6 టన్నులకు తగ్గుతుంది, పట్టు 43.8 టన్నులకు పడిపోతుంది. లాగుడు మాత్రం ఆ 50 టన్నులే. గుణకం 0.88. బండ జారిపోతుంది. ఇక్కడ రాయి మెత్తబడలేదు, ఎవరూ బ్లాస్టింగ్ చేయలేదు, కొత్త చీలిక పడలేదు. మీటరున్నర నీరు వచ్చి నిలిచింది, అంతే.

పై లెక్కలో బండ వెనక నిలువు పగుళ్లలో నిలిచే నీటిని నేను కలపనే లేదు. 5 మీటర్ల లోతు పగులు నీటితో నిండితే, గోడ పొడవున ప్రతి మీటరుకూ 12.5 టన్నుల బలంతో అది బండను ముందుకు నెడుతుంది. పగులు వెడల్పు వెంట్రుక మందమైనా, బెత్తెడైనా ఈ బలం ఒక్కటే, ఎందుకంటే నీటి పీడనం లోతును బట్టి ఉంటుంది కానీ పరిమాణాన్ని బట్టి కాదు. అందుకే సన్నటి పగులే కదా అని తీసిపారేయడానికి లేదు. సన్నటి పగులు తొందరగా నిండుతుంది, నెమ్మదిగా ఖాళీ అవుతుంది. వాన వెలిసి ఎండ కాసిన మర్నాడు కూడా గోడ లోపల నీరు నిలిచే ఉండవచ్చు. వర్షాకాలంలో నిండిన క్వారీ గుంతను మోటార్లు పెట్టి రెండు మూడు రోజుల్లో తోడేసి పని మొదలుపెట్టడం ఇంకా ప్రమాదకరం. గుంతలో ఉన్నంతసేపూ ఆ నీరు గోడకు బయటినుంచి ఒక ఆనుడుగా ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా తీసేస్తే, లోపలి నీరు పూర్తి పీడనంతో మిగిలి ఉండగానే బయటి ఆనుడు పోతుంది.

2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియలు ఇళ్ల మీద పడి పలువురు మరణించింది ఎడతెరిపి లేని వానలోనే. 2020 అక్టోబరు 21న దసరా ఉత్సవాల నడుమ ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడిందీ వానల కాలంలోనే. 2025 ఆగస్టు 3న బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో రాళ్లు పడి ఒడిశా నుంచి వచ్చిన ఆరుగురు కూలీలు చనిపోయారు. ఒక్కో ఘటనకూ తనవైన కారణాలుంటాయి. కానీ నైరుతి మొదలైన దగ్గరనుంచి ఈశాన్యం వెళ్లేదాకా మన కొండల లెక్కలో నీరనే అంకె మారుతూనే ఉంటుందన్నది మరిచిపోకూడదు. మార్చిలో తనిఖీ చేసి 'సురక్షితం' అని రాసిన కాగితం ఆగస్టుకు చెల్లదు.

రాతి గోడ నాణ్యతకు మార్కులు వేసే పద్ధతి ఒకటుంది. 1970లలో బీనియావ్‌స్కీ అనే ఇంజనీరు రూపొందించి, 1989లో సవరించిన ఆ పద్ధతిలో మొత్తం 100 మార్కులు. వాటిలో రాయి గట్టిదనానికి ఇచ్చేది ఎంతో తెలుసా? గరిష్ఠంగా 15. చీలికల ఒళ్లు ఎలా ఉంది అన్నదానికి 30, అవి ఎంత దూరదూరంగా ఉన్నాయన్నదానికి 20, డ్రిల్లింగులో ఎంత పొడవు ముక్కలు దొరికాయన్నదానికి 20, నీటికి 15. "ఇనుము లాంటి రాయి" అన్న ధీమా నూటికి 15 మార్కుల ధీమా మాత్రమే. 1985లో రొమానా అనే ఇంజనీరు దీన్ని వాలు గోడలకు సరిపడేలా మార్చాడు. మన దేశపు ప్రమాణం ఐఎస్ 13365 మూడో భాగం కూడా ఈ పద్ధతినే వివరిస్తుంది. ఇందులో చీలికల దిక్కు గోడకు ప్రతికూలంగా ఉంటే 60 మార్కుల దాకా కోత పడుతుంది. 70 మార్కుల మేలైన రాయి 10 మార్కుల గోడ కావచ్చన్నమాట.

అదే పద్ధతిలో గోడను ఎలా తవ్వారన్నదానికీ మార్కులున్నాయి. ప్రకృతి మలచిన వాలైతే 15 కలుపుతారు. ప్రధాన బ్లాస్టింగుకు ముందు గోడ అంచు వెంట దగ్గరదగ్గరగా రంధ్రాలు వేసి, తక్కువ మందుతో సన్నటి చీలిక తెచ్చి ఆ తరువాత లోపలి రాయిని పేల్చితే 10 కలుపుతారు. మామూలు బ్లాస్టింగుకు ఏమీ కలపరు. అడ్డదిడ్డంగా, ఎక్కువ మందు దట్టించి పేల్చితే 8 తీసేస్తారు. అంచు జాగ్రత్తగా కోయడానికీ మొరటుగా పేల్చడానికీ మధ్య తేడా 18 మార్కులు. రాయి గట్టిదనానికి ఇచ్చే మొత్తం మార్కుల కన్నా ఇది ఎక్కువ. కొండను ఎవరూ మార్చలేరు, చీలికల దిక్కును మార్చలేరు. మందు ఎంత దట్టించాలన్నది మాత్రం పూర్తిగా బ్లాస్టర్ చేతిలో ఉన్న విషయం. కంకర క్వారీలలో గోడ అంచు కూడా కంకరేగా అన్న ధోరణితో పేల్చడం వల్ల, నిలవవలసిన రాతిలోకి కొత్త పగుళ్లు మీటర్ల లోతున పాకుతాయి. ఆ పగుళ్లలోకే తరువాతి వానలు దిగుతాయి.

ఇంతవరకు చెప్పింది గోడ పెద్ద ఎత్తున చెడటం గురించి. రాయి రాలడం వేరే సంగతి. లెక్కల ప్రకారం పూర్తిగా భద్రమైన గోడలో కూడా బ్లాస్టింగుకు సడలిన రాళ్లు, ఎండకు ఉబ్బి రాత్రికి కుంచించుకుని అంచులు వదిలిన పెచ్చులు, రావిచెట్టు వేరు సందులోకి దూరి విడదీసిన బండలు ఉంటాయి. వాటిని కనిపెట్టడానికి పాత పద్ధతి ఒకటుంది, దానికి మించింది ఇప్పటికీ రాలేదు. గుంటూరు దగ్గర ఒక క్వారీలో చాలా ఏళ్ల కిందట నేను చూశాను. బ్లాస్టింగు అయ్యి పొగ తగ్గాక, ఒక పెద్దాయన నడుముకు తాడు కట్టుకుని పైనుంచి దిగుతూ గునపంతో గోడను తడుతున్నాడు. మార్కెట్లో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి వింటామే, అలా. బిగువుగా ఉన్న రాయి ఖంగుమంటుంది, వదులైన రాయి డొల్లగా మోగుతుంది. ఒక చోట ఆగి, మళ్లీ కొట్టి, కింద నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డ నాతో, "ఇది పలకట్లేదు బాబూ, ఆడ నుంచోమాకు, ఇవతలికి రా" అన్నాడు. కంటికి అందులో ఏ తేడా కనబడలేదు. నేను పక్కకు వచ్చాక గునపం మొన సందులో పెట్టి రెండుసార్లు ఎత్తాడు. బియ్యం బస్తా అంత బండ ఊడి, నేను నిలబడ్డ చోటికి రెండడుగుల దూరంలో పడింది. ఈ పనిని పైనుంచి కిందికే చేయాలి, కింద ఎవరూ ఉండకూడదు, ప్రతి బ్లాస్టింగు తరువాతా, ప్రతి పెద్ద వాన తరువాతా చేయాలి. ఇప్పుడు పొక్లెయిన్ బకెట్‌తో గోడను గీకించి వదిలేస్తున్నారు. బకెట్ అందే ఎత్తు వరకు అది మంచిదే, మనిషికి ప్రమాదం తక్కువ. బకెట్ అందని ఎత్తుకు గోడను తవ్వడమే అసలు తప్పు.

రాలిన రాయికి ఎంత శక్తి ఉంటుందో చూద్దాం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న రాయి సుమారు 76 కిలోలు తూగుతుంది. 20 మీటర్ల ఎత్తునుంచి జారిపడితే 2 సెకన్లలో నేలను తాకుతుంది, అప్పటి వేగం గంటకు 71 కిలోమీటర్లు. ఐరోపా ప్రమాణం ప్రకారం పారిశ్రామిక హెల్మెట్‌ను 5 కిలోల బరువు మీటరు ఎత్తునుంచి వేసి పరీక్షిస్తారు. ఈ రాయి తెచ్చే శక్తి దానికి సుమారు 300 రెట్లు. హెల్మెట్ పెట్టుకోవలసిందే, చిన్న పెచ్చుల నుంచి అది ప్రాణం కాపాడుతుంది. కానీ ఇలాంటి రాయి నుంచి కాపాడేది దూరం ఒక్కటే. 2 సెకన్లలో "రాయి!" అన్న కేక విని, తల ఎత్తి, ఎటు పరుగెత్తాలో తేల్చుకునే వ్యవధి మనిషికి ఉండదు.

ఎంత దూరం? 1963లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో రిచీ అనే భూగర్భ శాస్త్రవేత్త వందలకొద్దీ రాళ్లను వాలుల మీంచి దొర్లించి గమనించాడు. దాదాపు నిట్టనిలువు గోడల మీంచి పడిన రాయి గోడ పాదానికి దగ్గరలోనే పడుతుంది. 45 డిగ్రీల కన్నా తక్కువ వాలులో దొర్లుతూ వస్తుంది. ఈ రెండింటి నడుమ వాలులో మాత్రం గోడను తాకి తాకి ఎగురుతూ, అన్నిటికన్నా దూరంగా వచ్చి పడుతుంది. గోడను కొంచెం వాలుగా కోస్తే గోడకు మేలు జరుగుతుంది కానీ, రాలే రాయి ఇంకొంచెం ముందుకు వస్తుంది. అందుకే వాలు ఒక్కటే చాలదు, మధ్యమధ్య మెట్లలాంటి అరుగులు, అంటే బెంచీలు, కావాలి. పెద్ద గనులలో వాడే ఒక లెక్క ప్రకారం, రాళ్లను ఆపే బెంచీ వెడల్పు కనీసం నాలుగున్నర మీటర్లకు గోడ ఎత్తులో ఐదో వంతు కలిపినంత ఉండాలి. 15 మీటర్ల గోడకు 7.5 మీటర్లు. బెంచీ మీద పాత రాళ్లు, మట్టి పేరుకుపోతే అది రాళ్లను ఆపే అరుగు కాకుండా, ఎగరవేసే పలకగా మారుతుంది. కాబట్టి బెంచీని ఊడ్చి ఉంచడం కూడా భద్రతలో భాగమే.

1961 నాటి గనుల నిబంధనలైన మెటలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్‌లోని 106వ నిబంధన ఈ అనుభవాన్నే చట్టంగా చెప్పింది. మనుషులు చేతులతో పనిచేసే బెంచీల ఎత్తు 6 మీటర్లు మించకూడదు, వెడల్పు ఎత్తుకన్నా తగ్గకూడదు, వాలు 60 డిగ్రీలు దాటకూడదు. అంచునుంచి 3 మీటర్ల లోపు వదులు రాళ్లు, చెట్లు ఉండకూడదు. గోడను కింద తొలిచి పైభాగాన్ని చూరులా వేలాడనివ్వకూడదు. వీటిలో ఒక్కటి కూడా అర్థం కానిది కాదు. అయినా మన చుట్టూ ఉన్న చాలా చిన్న క్వారీలలో బావిలా నిట్టనిలువుగా దిగిపోయిన గోడలే కనిపిస్తాయి. దీనికి అత్యాశ ఒక్కటే కారణమని తేల్చేయడం నాకు న్యాయంగా తోచదు. 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పున్న లీజు, అంటే హెక్టారు, తీసుకుందాం. హద్దునుంచి ప్రతి వైపూ 7.5 మీటర్లు వదిలితే తవ్వడానికి మిగిలేది 85 మీటర్లు. 30 మీటర్ల లోతుకు 6 మీటర్ల బెంచీలతో, 60 డిగ్రీల వాలుతో దిగితే ఒక్కో వైపు బెంచీలకే 41 మీటర్లు పోతాయి. రెండు వైపులా కలిపితే 82 మీటర్లు దాటుతుంది. అడుగున మిగిలేది రెండున్నర మీటర్లు, ఒక టిప్పర్ వెడల్పు. చిన్న లీజులో అంత లోతుకు నిబంధన ప్రకారం దిగడం కొలతల రీత్యానే కుదరదు. అలాంటప్పుడు లోతు తగ్గించాలి, లేదా పక్కపక్క లీజులను కలిపి ఒకే ప్రణాళికతో, నడిమి హద్దు గోడ లేకుండా తవ్వాలి. లీజు ఇచ్చేనాడే ఈ లెక్క కట్టకపోతే, ఆ తరువాత ఎంత తనిఖీ చేసినా నిట్టనిలువు గోడలే మిగులుతాయి.

గోడ కదలికను కనిపెట్టి ఉండటం గురించి కొంత చెప్పాలి. గోడ నెత్తిన పగులు కనిపిస్తే దానికి అటూ ఇటూ మేకులు దిగగొట్టి, రోజూ ఒకే వేళకు టేపుతో కొలిచి రాసుకుంటే చాలు. కదలిక రోజుకు 2 మిల్లీమీటర్లు, మర్నాడు 2.5, ఆపైన 3.3, ఆపైన 5 అనుకోండి. చూడటానికి చిన్న అంకెలే. కానీ వీటిని తలకిందులు చేసి, అంటే ఒకటిని వీటితో భాగించి చూస్తే 0.5, 0.4, 0.3, 0.2 వస్తాయి. సరళ రేఖలా దిగిపోతూ ఇంకో రెండు రోజుల్లో సున్నాను చేరుతుంది. సున్నాను చేరే రోజే గోడ కూలే రోజన్నది 1985లో ఫుకుజోనో అనే జపాన్ పరిశోధకుడు చూపిన పద్ధతి సారాంశం. అమెరికాలోని బింగమ్ కాన్యన్ రాగి గనిలో 2013 ఏప్రిల్ 10 రాత్రి 14 కోట్ల టన్నుల దాకా రాయి, మట్టి జారిపోయినా ఒక్క ప్రాణం పోలేదు. వారాల ముందే కదలికను పసిగట్టి, మనుషులను ముందుగానే ఖాళీ చేయించారు. ఈ పద్ధతికి ఒక హద్దుంది. పెద్ద గోడ జారే ముందు రోజుల తరబడి కదులుతుంది. బియ్యం బస్తా అంత బండ ఊడే ముందు ఏ కొలతా చెప్పదు. మన క్వారీలలో మనుషుల మీద పడేవి చాలావరకు ఆ రెండో రకమే.

విజయవాడ విషయంలో ఈ మాటలు క్వారీ హద్దు దాటి ఇళ్ల దాకా వస్తాయి. మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్, విద్యాధరపురం కొండల మీద ఇల్లు కట్టుకోవడానికి తొలిచిన ప్రతి గట్టూ ఒక చిన్న క్వారీ గోడే. క్వారీ గోడకు ఎలాంటిదైనా ఒక మేనేజరు, ఒక మైనింగ్ మేట్ (కూలీల పనిని దగ్గరుండి చూసే మేస్త్రీ), ఒక తనిఖీ పుస్తకం ఉంటాయి. ఇంటి వెనక గోడకు ఎవరూ ఉండరు. వంటింటి గోడకూ గట్టుకూ మధ్య మూడడుగుల సందు వదిలి, అందులోనే బట్టలు ఉతుక్కునే చోట, పైనుంచి ఎర్ర నీరు కారడం మొదలైతే దాన్ని వానాకాలపు చిరాకుగా చూస్తారు. ఆ నీరు అంతకుముందు తెల్లగా వచ్చి ఇప్పుడు ఎర్రగా, బురదగా వస్తుంటే, లోపల బండలను పట్టుకున్న మట్టి కొట్టుకుపోతోందని అర్థం. పైన సిమెంటు పూసి గట్టును మూసేస్తే చూడటానికి భద్రంగా ఉంటుంది కానీ, నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పూత వేయవలసి వస్తే గొట్టాలు పెట్టి నీటికి దారి విడవాలి, గట్టు నెత్తిన కాలవ తీసి వాన నీటిని పక్కకు మళ్లించాలి. ఇనుప వల, రాతిలోకి దింపే బోల్టులు ఆ తరువాతి పనులు.

తిరిగి క్వారీలోని ఆ నీడ దగ్గరికి వస్తే, గోడకు చేయవలసినవన్నీ చేయడానికి డబ్బు, అనుమతులు, ఏళ్లు పడతాయి. గోడ కింద మనుషులు గడిపే సమయాన్ని తగ్గించడానికి అవేవీ అక్కర్లేదు. టిప్పర్లు లోడు కోసం వేచి ఉండే చోటును గోడకు దూరంగా సున్నం గీత గీసి చూపవచ్చు. పొక్లెయిన్ గొలుసులు గోడకు లంబంగా ఉండేలా నిలిపితే, రాయి కదిలినప్పుడు తిరగకుండానే వెనక్కి రావచ్చు. వాన కురిసిన మర్నాడు పొద్దున్నే, మేట్ గోడ నెత్తిన నడిచి పగుళ్లు చూసి వచ్చేదాకా కింద ఎవరూ అడుగు పెట్టకూడదన్న నియమం పెట్టవచ్చు. ఇంకొక పని, నాలుగు వెదురు గుంజలు, రెండు తాటాకు దడులు, ఒక నీళ్ల కుండ. వీటితో గోడకు 30 మీటర్ల అవతల ఒక పందిరి వేస్తే, మధ్యాహ్నం అన్నం వేళకు క్యారియర్లు అటు నడుస్తాయి.